వాటర్లూలో మిగిలిన పార్టీ

కెనడాలో, వాటర్లూలో నేను అద్దెకున్న ఇంట్లో కంప్యూటర్లు చదవనిదాన్ని నేనొక్కదాన్నే. మిగతా అమ్మాయిలంతా డేటా, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ అంటూ ఏదో ఒకటి చేస్తుంటే నేను రాజనీతి శాస్త్రంలో మాస్టర్స్ చేస్తున్నాను. విద్యార్థులు పుట్టలోంచి చీమల్లా వచ్చిపడుతున్న రోజులవి. యూనివర్సిటీ వైపు వెళ్ళే బస్సులో నిలబడటానికి చోటు దొరికితే అదే అదృష్టం. బేస్‌మెంట్ గదులకి పోటీ, కాఫీ షాపుల్లో పార్ట్‌టైమ్ పనికి పోటీ, చివరికి చర్చిలో ఆదివారం తెలుగు ఆరాధనలో కుర్చీలకి కూడా పోటీయే. కొత్తగా పరిచయమైనవాళ్ళు ముందు ఏ ఊరని అడిగేవారు, తర్వాత ఏ కోర్సని. నా జవాబు విన్నాక వాళ్ళ ముఖాల్లో కనిపించే జాలి నాకు బాగా అలవాటైపోయింది.

ఒక ఆంటీ అయితే ఆరాధన కాగానే నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. "పొలిటికల్ సైన్సా? దాంతో ఇక్కడ ఉండిపోడానికి పీఆర్‌కి అప్లై చెయ్యొచ్చా అమ్మా? పోన్లే, బెంగెట్టుకోకు. నీ గురించి స్పెషల్‌గా ప్రేయర్ చేయిస్తాను" అంది. నాకేదో పెద్ద జబ్బు చేసినట్టు. ఒళ్ళు మండిపోయింది కానీ, "అలాగే ఆంటీ" అన్నాను. మా వైపు పిల్లలకి పెద్దవాళ్ళతో చెప్పడానికి ఉన్న మాట అదొక్కటే.

అందరూ రెజ్యూమేలు పట్టుకుని కాఫీ షాపుల చుట్టూ తిరుగుతుంటే నాకు డిపార్ట్‌మెంట్‌లోనే పని దొరికింది. రిటైర్మెంట్ దగ్గరపడిన ఒక ప్రొఫెసర్‌కి పరిశోధనలో సాయం చెయ్యాలి. ఆవిడది బొలీవియా. మనిషి పొట్టి, జడ నడుము దాకా, నడుస్తున్నప్పుడు అడుగుల చప్పుడు వినబడదు. నేను మొదటి రోజు అలవాటు కొద్దీ "మేడమ్" అంటే ఆవిడ నవ్వి, "ఇదివరకు నాకు అంత మర్యాద ఇచ్చింది సోదాలకొచ్చిన మా ఊరి పోలీసులే" అంది. ఆవిడ మాత్రం నన్ను "ఇహా" అని పిలిచేది. వాళ్ళ స్పానిష్‌లో అది కూతురిని పిలిచే పిలుపు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. అయినా ఆ మాటలన్నీ నాకిప్పుడు తెలుగులోనే గుర్తుకొస్తున్నాయి, ఎందుకో తెలీదు.

ఆవిడ చివరి పుస్తకం ఆండీస్ కొండల దేశాల గురించి. బొలీవియా, పెరూ, ఈక్వెడార్, కొలంబియా. అక్కడ ఒకప్పుడు అధికారమంతా రాజధానిలో ఉండేది. తర్వాత తర్వాత, ఒక్కో దేశంలో ఒక్కో రకంగా, అధికార వికేంద్రీకరణ పేరుతో మునిసిపాలిటీలకి ఎన్నికలు, నిధులు, బాధ్యతలు వచ్చాయి. ఊళ్ళకి మంచే జరిగింది. కానీ ఆ తర్వాత కొన్నేళ్ళకే జాతీయ పార్టీలు ఒక్కొక్కటిగా ఊళ్ళలోంచి మాయమైపోయాయి. ప్రతి ఊరికీ సొంత అభ్యర్థుల జాబితా, సొంత గుర్తు. రాజధానిలో పార్టీ బోర్డు వేలాడుతూనే ఉండేది, కొండల్లో మాత్రం దాని తరఫున నిలబడే మనిషి ఉండేవాడు కాదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నమాట. ఎందుకిలా అయింది, ఎక్కడెక్కడ అయింది అన్నదే పుస్తకం. ప్రతి మునిసిపల్ ఎన్నికలోనూ గెలిచినవాళ్ళు జాతీయ పార్టీవాళ్ళా, ఊరివాళ్ళా అని విడదీసి పెట్టడం నా పని.

ఆవిడ గది బేస్‌మెంట్‌లో, కారిడార్ చివర. గోడ నిండా బొలీవియా పటం. ఆవిడ వయసులో ఉన్నప్పుడు పనిచేసిన పార్టీకి ఎక్కడెక్కడ శాఖలుండేవో అక్కడల్లా ఎర్ర గుండుసూదులు గుచ్చి పెట్టింది. శాఖ మూతబడినప్పుడల్లా సూది తీసేసింది. నేను చేరేసరికి సూదుల కంటే కన్నాలే ఎక్కువ. పటం మీద ఎక్కడ చెయ్యి పెట్టినా వేలికి కన్నాలు తగిలేవి. కింది గది కాబట్టి కిటికీలోంచి మంచు అంచు, వచ్చేపోయేవాళ్ళ బూట్లు తప్ప ఏమీ కనబడేవి కాదు. ఆవిడ ఆ పార్టీ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేది. చనిపోయిన మనిషి ఇంట్లో మాట్లాడతామే, అలా.

నాతో ఒకే గదిలో ఉండే కరీంనగర్ అమ్మాయి ఒకసారి నా చార్జర్ ఇవ్వడానికి అక్కడికి వచ్చింది. రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. ఇంటికెళ్ళాక, "అక్కా, ఆ రూమ్‌ల గంత సేపు ఎట్ల కూసుంటవ్? నాకైతే మస్తు భయమైంది. ఆ ముసలామె ఎవరితోనో మాట్లాడుతున్నట్టె ఉన్నది, సూస్తె ఎవ్వరు లేరు" అంది.

"ఊళ్ళ పేర్లు చదువుకుంటుందే" అన్నాను.

"అయితే ఇంకింత భయం గదా!"

నేను నవ్వేశాను కానీ, దాని మాట అబద్ధం కాదు. ఆవిడ పటం ముందు నిలబడి ఊళ్ళ పేర్లు పైకి చదివేది. కొన్ని రోజులకి నాకు కూడా ఆ పేర్లు నిద్రలో వినబడటం మొదలైంది. కలలో ఆ ఊళ్ళు ఎప్పుడూ ఖాళీగానే ఉండేవి. ఒక గది తలుపు తీసి ఉండేది, లోపల బెంచీలు వేసి ఉండేవి, మీటింగుకి ఎవరూ వచ్చేవారు కాదు. నేను వెళ్ళి కూర్చునేదాన్ని. నాకు నిజంగా భయం వేసేది. పొద్దున్నే లేచి, ఇంట్లో అమ్మాయిలు పోపు వేస్తున్న వాసన వస్తే ప్రాణం లేచొచ్చేది.

ఒక జిల్లా ఉంది. ఆవిడ దాన్ని ఎప్పుడూ చూసేది కాదు. "అది నువ్వు చేసుకో ఇహా, నాకు చూపించకు. సంఖ్యలు కలిపేశాక మొత్తం మాత్రం చెప్పు" అంది. ఎందుకని నేను అడగలేదు. మార్చిలో ఒక మధ్యాహ్నం ఆవిడే చెప్పింది.

అది ఆవిడ సొంత జిల్లా. తండ్రి తగరం గనిలో కూలి. సైనిక పాలన కాలంలో ఆవిడ, ఆవిడ తమ్ముడు ఇద్దరూ పార్టీలో పనిచేశారు. ఆవిడ చదువుకుంటూ రాజధానిలో, అతను ఊళ్ళో. పోలీసులు అతన్ని పట్టుకుపోయి, మిగతావాళ్ళ పేర్లు చెప్పమని కొట్టారు. అతను చెప్పలేదు. బయటికొచ్చేసరికి ముందు పళ్ళు లేవు. "వాడు ఆ పార్టీ కోసం నోరు తెరవలేదు. నేను దాని కోసం నోరు మూసుకోలేకపోయాను" అంది ఆవిడ. తర్వాత ప్రజాస్వామ్యం వచ్చింది, ఎన్నికలొచ్చాయి. ఊళ్ళకి అధికారం ఇచ్చే చట్టం రాస్తున్నప్పుడు, ఆ పనిచేసిన బృందంలో ఆవిడ కూడా ఉంది. అందరికంటే చిన్నది. ఊరూరా అధికారం వస్తే ఊరూరా పార్టీ వేళ్ళూనుకుంటుందని ఆవిడ నమ్మింది. తమ్ముడికి ఉత్తరం రాసింది, ఇక మన పార్టీకి తిరుగులేదని.

"ఐదారేళ్ళలో మొత్తం పోయింది" అంది. "డబ్బు నేరుగా ఊరికే వస్తుంటే ఇక పార్టీ ఎవడిక్కావాలి? ఆ చట్టం నేను రాశాను. వాడు పళ్ళు ఊడగొట్టించుకున్న పార్టీని నేను కాగితం మీద చంపేశాను. వాడు ఉత్తరాలు ఆపేశాడు. నేను ఇక్కడికొచ్చేశాను."

ఆ తర్వాత తమ్ముడితో ఆవిడ మాట్లాడలేదు. అతను బతికున్నాడో లేడో కూడా తెలీదు. తెలుసుకోవాలంటే భయం. ఆ జిల్లా చూడకపోవడానికి కారణం అదీ.

ఇక్కడ నేను నోరు తెరిచాను. మా వాళ్ళెవరైనా నా చోట ఉంటే ఇదే మాట అని ఉండేవాళ్ళు.

మా అమ్మ సర్పంచిగా చేసింది. మహిళలకి రిజర్వైన పంచాయతీ. మా నాన్న పేరు చెప్పుకుని నిలబడింది కానీ, తర్వాత నాన్న మాటే వినలేదు, అది వేరే కథ. పంచాయతీ ఎన్నికల్లో మా దగ్గర పార్టీ గుర్తులుండవు. చట్టం ఒప్పుకోదు. ఉంగరం, కత్తెర, నిచ్చెన, గ్యాస్ పొయ్యి లాంటి గుర్తులిస్తారు. అమ్మకి ఉంగరం వచ్చింది. అయినా ఉంగరం ఏ పార్టీదో, కత్తెర ఏ పార్టీదో ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. బ్యాలెట్ మీద ఉంగరం ఉంటుంది, ఉంగరం వెనకాల ఎమ్మెల్యే ఉంటాడు, ఎమ్మెల్యే వెనకాల పార్టీ. లెక్కింపు అయిన సాయంత్రమే ఫలానా పార్టీకి ఇన్ని పంచాయతీలు అని టీవీలో చెప్పేస్తారు. గుర్తు లేనంత మాత్రాన పార్టీ లేదనుకునేవాడు మా దగ్గర వెర్రివాడి కింద లెక్క.

ఇదంతా ఆవిడకి చెప్పాను. "మీ ఊళ్ళలో కూడా అంతే అయ్యుంటుంది. పేరు మార్చుకున్నారంతే. మీ వాళ్ళు లోపలే ఉంటారు" అన్నాను.

ఆవిడ చేతిలో కప్పు అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "లోపలే ఉంటారా?"

"మనుషులు ఎక్కడికి పోతారు? పేర్లు పోల్చి చూద్దాం."

ఆవిడ అన్నేళ్ళు ఈ పనిలో ఉన్న మనిషి. నాకంటే ఆవిడకే బాగా తెలియాలి. కానీ తెలిసిన మనసు వేరు, ఆశపడే మనసు వేరు. ఆ మధ్యాహ్నం ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు చూసి, నేను చాలా గొప్ప పని చేశాననుకున్నాను.

పేర్లు పోల్చడం అక్కడ తేలిక. ఒక్కొక్కరికీ రెండు ఇంటిపేర్లుంటాయి, తండ్రిదొకటి, తల్లిదొకటి. పాత ఎన్నికల్లో ఆ పార్టీ తరఫున నిలబడ్డవాళ్ళ పేర్లు తీసి, కొత్తగా పుట్టుకొచ్చిన ఊరి జాబితాల్లో వెతికాను. దొరికారు. ఒక ఊరు, ఇంకో ఊరు, ఆ పక్క ఊరు. అదే మనిషి, అవే రెండు ఇంటిపేర్లు, గుర్తు మాత్రం వేరు. నాకు సంబరమైపోయింది. ఇంటికెళ్ళి మావాళ్ళకి కూడా చెప్పాను. వాళ్ళు కోడింగ్ అసైన్‌మెంట్లు పక్కనపెట్టి పెద్ద సినిమా కథ విన్నట్టు విన్నారు. "గుర్తు మార్చి గెలుసుడు మన లీడర్ల దగ్గర్నే నేర్చుకున్నరేమో" అంది కరీంనగర్ అమ్మాయి.

ఆవిడ సొంత ఊరు చివరికి మిగిల్చాను. పీఠభూమి మీద చిన్న మునిసిపాలిటీ. గెలిచిన జాబితాకి మట్టికుండ గుర్తు. జాబితా పైన ఉన్న పేరు రెండుసార్లు చదివాను. ఆ రెండు ఇంటిపేర్లూ మా ప్రొఫెసర్ గది తలుపు మీద ఉన్నవే.

తమ్ముడు బతికే ఉన్నాడు. ఆ ఊరికి మేయర్.

ఆవిడకి చెప్పినప్పుడు మొదట కుర్చీలోంచి లేచింది, తర్వాత మళ్ళీ కూర్చుంది. ఏడవలేదు. "మట్టికుండ" అంది. "మా అమ్మ కుండలు చేసేది." కాసేపటికి, "అయితే వాడు దాచాడన్నమాట. పార్టీని కుండలో పెట్టి దాచాడు" అంది.  నేను అన్న మాటనే ఆవిడ అంటోంది, కానీ ఆవిడ నోట వింటే వేరేగా ఉంది. ఆ మనుషుల్లో పార్టీ నిజంగా మిగిలుందా అన్న సందేహం అక్కడే మొదలైంది. చెప్పలేకపోయాను. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఏమని చెప్తాం?

మేయర్ ఆఫీసు ఫోన్ నంబరు దొరకడం కష్టం కాలేదు. వీడియో కాల్‌కి ఒప్పుకుంటూ అతని దగ్గరనుంచి ఒకటే మాట వచ్చింది, అక్కా అని. ఏప్రిల్‌లో ఒక పగటిపూట, వాళ్ళకీ మాకూ గడియారం ఒకటే టైము చూపిస్తోంది, ఆవిడ జడ అల్లుకుని, మంచి శాలువా కప్పుకుని వచ్చింది. నన్ను పక్కనే కూర్చోమంది. "నాకు చేతులు వణికితే ఫోన్ నువ్వు పట్టుకో" అంది. పని కోసం నేర్చుకున్న నా స్పానిష్‌తో సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆవిడ తర్వాత చెప్పింది.

తెర మీద ఒక ముసలాయన. ఎండకి నల్లబడ్డ ముఖం, టోపీ, నవ్వితే కట్టుడు పళ్ళు.  ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరు పోయారు, ఎవరికి పిల్లలు పుట్టారు, అమ్మ సమాధి ఎలా ఉంది. నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

అతను ఫోన్ పట్టుకుని బయటికి నడిచాడు. ఊరు చూపించాడు. చప్టా చేసిన కూడలి, ఆసుపత్రి, ఇంటింటికీ కొళాయి. ఒక కొళాయి తిప్పి నీళ్ళు కూడా చూపించాడు. "ఇదంతా నీ చట్టమే అక్కా. అది రాకపోతే ఈ కొండమీదికి గవర్నమెంటు మనిషి వచ్చేవాడా? పిల్లలకి నీ పేరు చెప్తుంటాను" అన్నాడు.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆ మాట కోసమే అన్నేళ్ళు భయపడిందని నాకర్థమైంది. అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆవిడ ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగింది, మనవాళ్ళు ఎలా ఉన్నారని.

అతను చెప్పాడు. ఫలానావాడు కౌన్సిలరు, ఫలానావాడు లారీ నడుపుతున్నాడు, ఫలానా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

"పార్టీ?" అంది ఆవిడ.

"ఏ పార్టీ?" అన్నాడు అతను.

వెక్కిరింపుగా అనలేదు. దాపరికంగానూ అనలేదు. దాపరికమైతే నాకు తెలిసిపోయేది, మా ఊరి రాజకీయాల్లో పెరిగినదాన్ని. అతనికి నిజంగా తట్టలేదు. ఒక్క క్షణం అక్క ముఖంలోకి చూసి, అప్పుడు గుర్తొచ్చి నవ్వేశాడు. "అదా! అది ఎప్పుడో పోయిందిగా. ఆఫీసులో ఇప్పుడు కోడి వేపుళ్ళు అమ్ముతున్నారు. ఏం, నువ్వింకా ఉన్నావా అందులో?"

 అతను ఆ నవ్వుతోనే, ఉత్తరాలెందుకు ఆపేశావని అడిగాడు.

"నువ్వు ఆపేశావు" అంది ఆవిడ. "పార్టీని నేను చంపేశానని నీకు కోపమనుకున్నాను."

"కోపమా? నాకా?" అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ముందు మనం పార్టీ సంగతులే రాసుకునేవాళ్ళం కదా అక్కా. అది పోయాక ఏం రాయాలో నాకు తెలీలేదు. నేను వదిలేశానని తెలిస్తే నువ్వు తిడతావనుకున్నాను."

అంతే. ఇద్దరు మనుషులు, ఎవరి భయంతో వాళ్ళు, ముసలివాళ్ళయిపోయారు. పగ లేదు, ద్రోహం లేదు. నాకు ఎవరినైనా తిట్టాలనిపించింది, తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ చాలాసేపు శాలువా అంచు మడతలు పెడుతూ కూర్చుంది. నేను సారీ చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నువ్వు చూసింది తప్పు కాదు ఇహా. మనుషులు వాళ్ళే. మీ ఊళ్ళో ఉంగరం వెనక పార్టీ ఎందుకుంటుందో తెలుసా? మీ అమ్మకి డబ్బు పైనుంచి రావాలి కాబట్టి. ఎమ్మెల్యే సంతకం కావాలి కాబట్టి. మావాడికి ఎవడి సంతకమూ అక్కర్లేదు. అక్కర్లేకుండా చేసింది నేనే."

అదెంత నిజమో నాకు తెలుసు. మా అమ్మ వీధి దీపాల కోసం ఎమ్మెల్యే ఇంటి అరుగు మీద ఎన్ని పొద్దులు కూర్చుందో చూసినదాన్ని. అలా కూర్చున్నంత కాలం పార్టీ బతికే ఉంటుంది. ఏరు దాటాక తెప్ప తగలేశారని మనవాళ్ళు అంటారు. ఆ ఊరివాళ్ళు తగలెయ్యను కూడా లేదు. గట్టుకి కట్టేసి, మర్చిపోయారు.

ఆ వేసవిలో ఆవిడ పుస్తకం పని నెమ్మదించింది. తమ్ముడు తరచూ ఫోటోలు పంపేవాడు. మనవలు, లామాలు, కొత్త బస్టాండ్. ఆవిడ వాటిని నాకు చూపించేది, బాగున్నాయనేది. తమ్ముడి మీద ప్రేమకి తక్కువేం లేదు. కానీ ఫోన్లో ఇద్దరికీ మాటలు త్వరగా అయిపోయేవి. ఆ గదిలో ఇదివరకంటే నిశ్శబ్దం ఎక్కువైంది. ఆవిడ ఇప్పుడు ఊళ్ళ పేర్లు చదివేది కాదు. నాకు అదీ భయంగానే ఉండేది. చదువుతుంటే ఒక బాధ, మానేస్తే ఒక బాధ. అతను మామూలుగా అడిగిన ఆ ప్రశ్న, నువ్వింకా ఉన్నావా అందులో అన్నది, నాకు మాటిమాటికీ వినబడేది. ఒక పార్టీ ఉండేది, దానికి ప్రాణాలిచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు, ఇప్పుడు దాని ఆఖరి సభ్యురాలు ఒంటారియోలో ఒక బేస్‌మెంట్ గదిలో కూర్చుని నాకు టీ కలిపిస్తోంది.

నవంబరు మొదట్లో ఆవిడ నన్ను ఇంటికి పిలిచింది. అది చనిపోయినవాళ్ళ పండుగ అంది. వాళ్ళ నమ్మకం ప్రకారం ఆత్మలు ఒకటో తేదీ మధ్యాహ్నం వచ్చి, మర్నాడు మధ్యాహ్నం వెళ్ళిపోతాయి. వాళ్ళని సాగనంపేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉంటే బాగుంటుందంది. మాకూ ఆ రెండో తేదీ సమాధుల పండుగ. మా ఊళ్ళో అయితే మా తాతగారి సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. అందుకని నాకు వింతగా అనిపించలేదు. దుకాణంలో బంతిపూలు దొరక్క చామంతులు కొనుక్కుని, రైలెక్కి వెళ్ళాను.

బల్ల మీద నల్లగుడ్డ పరిచింది. మనుషుల ఆకారంలో చేసిన రొట్టెలు, పళ్ళు, నీళ్ళ గ్లాసులు. అమ్మానాన్నల ఫోటోలు ఒక పక్క. ఇంకో పక్క కుర్రవాళ్ళ ఫోటోలు, చాలా పాతవి, అందరూ నా ఈడువాళ్ళే. వీళ్ళెవరని నేను అడగక్కర్లేకపోయింది. కిటికీ బయట మేపుల్ చెట్టు ఆకులన్నీ రాలిపోయి, ఎండ గదిలోకి సూటిగా పడుతోంది. 

"మా పార్టీలో ఒక ఆచారం" అంది ఆవిడ. "పోయినవాళ్ళ పేరు ఒకరు పిలుస్తారు. మిగతావాళ్ళంతా వాళ్ళ తరఫున 'హాజర్' అంటారు. ఇదివరకు హాలు నిండా పలికేవాళ్ళు. ఇక్కడికొచ్చాక నేనే పిలిచి, నేనే పలుకుతున్నాను. ఈసారి నువ్వు పలుకుతావా?"

పలుకుతానన్నాను. బళ్ళో టీచరు పిలిస్తే పలికినట్టే కదా అనుకున్నాను.

ఆవిడ నిటారుగా నిలబడింది. ఒక్కొక్క పేరే పిలిచింది. నేను హాజర్ అన్నాను. నా గొంతు మొదట సిగ్గుగా వచ్చింది, తర్వాత గట్టిగా వచ్చింది. పేరు పిలిచినప్పుడల్లా ఆవిడ ఒక ఫోటో వైపు చూసేది. గనిలో పోయినవాళ్ళు, జైల్లో పోయినవాళ్ళు, ఇంట్లోంచి తీసుకెళ్ళాక తిరిగి రానివాళ్ళు. వాళ్ళందరి బదులూ ఆ గదిలో కోస్తా నుంచి వచ్చిన ఒక పిల్ల పలుకుతోంది. ఇది నేను చెయ్యదగిన పనేనా అనిపించింది. అయినా ఆపలేకపోయాను.

ఫోటోలు అయిపోయాయి. నేను అయిపోయిందనుకున్నాను. ఆవిడ ఇంకో పేరు పిలిచింది.

తమ్ముడి పేరు.

నేను ఆవిడ వైపు చూశాను. ముందురోజే అతను పంపిన ఫోటో ఆవిడే నాకు చూపించింది, మనవరాలిని భుజాల మీద ఎక్కించుకుని నవ్వుతున్నాడు. "ఆయన ఉన్నారు కదా ప్రొఫెసర్" అన్నాను మెల్లగా.

"తమ్ముడున్నాడు. పార్టీలో ఉన్నవాడు లేడు" అంది. కళ్ళలో నీళ్ళు లేవు. మళ్ళీ అదే పేరు పిలిచింది.

నేను హాజర్ అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఏదో పాపం చేసినట్టు అనిపించింది.

గోడ గడియారం పన్నెండుకి దగ్గరగా ఉంది. ఆత్మలు వెళ్ళిపోయే వేళ. ఆవిడ శాలువా సర్దుకుంది, కళ్ళు మూసుకుంది. ఇంకొక్క పేరు పిలిచింది. అది ఆవిడ పేరే. రెండు ఇంటిపేర్లతో సహా, అంతవరకూ పిలిచిన గొంతుతోనే.

 నేను పలికితే ఆవిడని ఆ బల్లమీదికి చేర్చినట్టవుతుంది. పలక్కపోతే అంతమంది పేర్లకీ అందిన జవాబు ఆవిడ పేరు ఒక్కదానికే అందకుండా పోతుంది. ఇప్పుడు నేనుంటున్న కనాటాలో, ఒట్టావా వెళ్ళే ట్రాఫిక్‌లో కారు ఆపుకుని కూర్చున్నప్పుడు కూడా నాకు ఏది సరైనదో తెలీదు. అప్పుడు మాత్రం చామంతులు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆవిడ కళ్ళు తెరవలేదు. కాసేపు ఆగి, ఆ పేరు మళ్ళీ పిలిచింది.